సౌండు లేని జపాన్

ఫణిశ్రీ సిల్క్స్ మూడో అంతస్తులో, పెట్టుబడి చీరల బేళ్ళ మధ్య, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి జపాన్ మొదలయ్యేది. తేజస్వి ఫోనుని అచ్చాయమ్మ టిఫిన్ క్యారియరుకి ఆనించి నిలబెట్టేవారు. ఆరుగురు ఆడవాళ్ళు చుట్టూ బాసింపట్లు వేసుకుని, ఒళ్ళో అన్నం డబ్బాలు పెట్టుకుని, మెడలు సాచి చూసేవారు. సౌండు పెట్టడానికి లేదు. పైన సౌండు పెడితే మెట్ల మీదుగా దిగి, రెండో అంతస్తులో పట్టుచీరలు చూస్తున్న కస్టమర్ల చెవిన పడుతుందనీ, అది షాపుకి మర్యాద కాదనీ ఓనరు శివరామకృష్ణగారు ఒకసారి చెప్పారు. ఆయన ఒకసారి చెబితే ఇంక రెండోసారి చెప్పరు. తేజస్వి దగ్గరున్న ఇయర్‌ఫోన్లు రెండు చెవులకి సరిపోతాయి, అక్కడున్నవి పన్నెండు చెవులు. అంచేత జపాన్ మూగగానే నడిచేది.

మాటలు మీనాకుమారి వేసేది.

ఆదివారం సాయంత్రం టీవీలో వచ్చే ఆ కార్యక్రమం పేరు 'సూర్యోదయ దేశంలో ఉదయభాస్కర్'. సోమవారానికల్లా ఫోన్లోకి వచ్చేస్తుంది. ఒకప్పుడు ఎగిరి గుర్రం ఎక్కిన హీరో ఉదయభాస్కర్ ఇప్పుడు గడ్డం నెరిసి, పొట్ట పెరిగి, మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని, జపాన్‌లో కనపడ్డ ప్రతి తిండీ తింటూ తిరుగుతున్నాడు. గంటసేపు వచ్చే ఆ కార్యక్రమాన్ని నాలుగు ముక్కలు చేసి, సోమవారం నుంచి గురువారం దాకా పొదుపుగా చూసుకునేవారు. సేమ్యా లాంటిదేదో చప్పరిస్తున్న జపాన్ ముసలాయన చేత మీనాకుమారి "ఆయ్, రాజమండ్రి నించా అండీ? మరి ఆవకాయేదండీ?" అనిపించింది. వేడినీళ్ళ గుంటలో కళ్ళు మూసుకుని కూర్చున్న కోతుల చేత పుష్కర స్నానాల కబుర్లు చెప్పించింది. నవ్వు ఆపుకోలేక తేజస్వికి పొలమారేది. ఇరవై రెండేళ్ళ పిల్ల, నవ్వితే కళ్ళమ్మట నీళ్ళొచ్చేస్తాయి. నలభై మూడేళ్ళ మీనాకుమారికి ఆ ఇరవై నిమిషాలూ ఒంట్లో ఏదో కొత్త రక్తం ఎక్కినట్టుండేది. ఇంటి దగ్గర ఆవిడ ఇన్ని మాటలు మాట్లాడదు. ధవళేశ్వరంలో దిగి, కడియం నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టి వచ్చిన భర్త అమ్మిరాజుకి అన్నం పెట్టేసరికి నోట్లో మాట మిగలదు.

ఆ సోమవారం ఉదయభాస్కర్ ఒక బట్టల దుకాణానికి వెళ్ళాడు. తమ పనే కాబట్టి ఆరుగురూ డబ్బాలు కింద పెట్టేశారు. చెక్క తలుపుల పాతకాలం దుకాణం. తలుపు తియ్యగానే నీలం ఏప్రాన్లు కట్టుకున్న పనివాళ్ళందరూ వరసగా నిలబడి, మొదట అడుగుపెట్టినావిడకి నడుం దాకా వంగి దణ్ణం పెట్టారు. వంగినవాళ్ళు వెంటనే లేవలేదు కూడా. లోపల ఒక మూల, అదే నీలం ఏప్రాను కట్టుకున్న ముసలావిడ పట్టుబట్ట మడతపెడుతోంది. చూపుడువేలు మడతలోకి దూర్చి, అరచేతి అంచుతో ఒక్కసారి నిమిరి, తిప్పి పక్కన పెట్టింది.

"పిన్నీ, నీ మడతే!" అంది తేజస్వి.

నిజంగా అచ్చాయమ్మ మడతే. షాపు ఒక్క షట్టరుతో ఉన్న రోజుల నుంచి, ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ చీరలు మడతపెడుతోంది. కళ్ళు మూసుకుని మడిచినా కొంగు పైకే వస్తుంది, అంచు అంచు మీదే పడుతుంది. యాభై ఎనిమిదేళ్ళు. చేతులు ఇంకా చెప్పినట్టే వింటున్నాయి కానీ కాళ్ళు వినడం లేదు. చీలమండలు సాయంత్రానికి నీళ్ళతిత్తుల్లా తయారవుతాయి. వేళ్ళు వాచిపోతే మొన్న మాఘంలో సబ్బు రాసి మెట్టెలు లాగేశారు. అప్పట్నించీ ఆ వెండి మెట్టెల్ని కొంగు ముడిలో కట్టుకు తిరుగుతోంది. "నేను బతికుండగానే తీసేసేవా?" అని మొగుడు సత్తియ్య మంచంలోంచే రోజూ తగువు పెట్టుకుంటాడు.

ఫోన్లో సాయంత్రమైంది. దుకాణం తలుపులు మూశారు. కోటు తొడుక్కున్న ఓనరు లోపల్నుంచి చిన్న చెక్క స్టూలు తెచ్చి ముసలావిడ వెనకాల వేశాడు. ఆవిడ కూర్చుంది. ఆయన ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి తగిలేలా వంగాడు. వెనకాల పనివాళ్ళందరూ వంగారు. ఉదయభాస్కర్ మఫ్లరుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మీనాకుమారి ఓనరు గొంతుతో నెమ్మదిగా అంది. "పొద్దున్నుంచీ నువ్వు నిలబడ్డావమ్మా. ఇప్పుడు కూర్చో. మేం నిలబడతాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అచ్చాయమ్మ అన్నం కలిపిన చెయ్యి అలాగే పట్టుకుని ఉంది.

"ఇంకోసారి అనవే మీనా," అంది.

మీనాకుమారి ఇంకోసారి అంది.

మూడు గంటలకి కింద రద్దీ పల్చబడింది. గల్లాపెట్టె వెనక గద్దె మీద కూర్చున్న శివరామకృష్ణగారు వేలితో పిలిచారు. "ఏమ్మా మీనాకుమారీ, పైన జపాన్ బాగా నడుస్తోందంట?"

సౌండు గురించేమోనని మీనాకుమారి బెదిరింది. కానీ ఆయన నవ్వుతున్నారు. మనిషి మెత్తన. ఎవరినీ కసిరింది లేదు. ఏటా అన్నవరంలో వ్రతం చేయించుకుని, వచ్చి పనివాళ్ళందరికీ తన చేత్తో ప్రసాదం పంచుతారు. ఆయన కబురు అడగడమే గొప్పగా అనిపించి, మీనాకుమారికి హుషారు ఆగలేదు. దుకాణం చెప్పింది, చెక్క తలుపులు చెప్పింది, వరసగా నిలబడ్డం చెప్పింది. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, నడుం దాకా వంగి చూపించింది.

"వంగి లేవరండి బాబుగారూ, అలాగే ఉంటారు. కస్టమరు లోపలికెళ్ళేదాకా! ఎంత బాగుందనుకున్నారు! మరి సాయంత్రం ఏం చేసేరంటేనండీ..."

గాజు తలుపు తెరుచుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు గొడుగులు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. కస్టమరు గడప దాటితే ఎంతటి మాటైనా అక్కడికక్కడ ఆగిపోవాలని ఆ షాపులో కట్టడి. మీనాకుమారి అటు తిరిగి, "రండమ్మా, పట్టు చూపించమంటారా, ఫ్యాన్సీయా?" అంది. రెండో సగం నోట్లోనే ఉండిపోయింది.

*

మర్నాడు పొద్దున్న పూజ అయ్యాక శివరామకృష్ణగారు అందరినీ నిలబెట్టారు.

అది మామూలుగా నిలబడే వేళ కాదు. తొమ్మిదిన్నరకి షట్టరు తీశాక, జనం మొదలయ్యేదాకా, నిన్న విప్పి పారేసిన చీరలన్నీ మడతపెట్టుకునే వేళ. కింద అంతస్తులో తెల్లటి పరుపు మీద, చీరల గుట్ట చుట్టూ కూర్చుని చేసే పని. గంటన్నర పట్టేది. రోజు మొత్తం మీద మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు ఇరవై నిమిషాలు, పొద్దున్న ఈ మడతల గంటన్నర, అంతే వాళ్ళు కూర్చునేది. మిగతా పది గంటలూ కాళ్ళ మీదే. బోణీ అయ్యేదాకా ఓనరుగారు కూడా కూర్చోరు. ఆ తర్వాత ఆయనకి గద్దె ఉంది.

"నిన్న మన మీనాకుమారి ఒక మంచి మాట చెప్పింది," అన్నారాయన. "రాత్రి నేనూ చూసేను. ఆ దేశం ఊరికే పైకి రాలేదమ్మా. కస్టమరు వచ్చేసరికి మనం పరుపు మీద చతికిలబడి ఉంటే, వచ్చిన లక్ష్మికి ఎదురెళ్ళేదెవరు? ఇవాళ్టి నుంచి మడతలు కౌంటరు దగ్గర నిలబడి పెట్టుకుందాం. తలుపు తెరుచుకోగానే అందరూ ఒక్కసారే వంగాలి. చూడండి, ఇలాగ."

ఆయనే చేసి చూపించారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి లేచారు. పొట్ట అడ్డం వచ్చినా బాగానే వంగారు. తర్వాత అందరిచేతా ఆరేడుసార్లు చేయించారు. ఐదుగురు ఆడవాళ్ళ చూపులు మీనాకుమారి వీపు మీద గుచ్చుకున్నాయి. ఆరో మనిషి తనే కాబట్టి మీనాకుమారి నేలచూపు చూసింది.

ఆషాఢం ఆఫర్ల రోజులు. చినుకులు పడుతున్నా జనం ఆగరు. తలుపు తెరుచుకుంటే వంగడం, లేవడం, మళ్ళీ తెరుచుకుంటే వంగడం. ముందు వచ్చినవాళ్ళు బెదిరిపోయారు, ఒకావిడ తన వెనకాల ఎవరో పెద్దమనిషి వస్తున్నారనుకుని పక్కకి తప్పుకుంది. మధ్యాహ్నం దాటేసరికి కొందరు ఫోన్లు తీసి పట్టుకున్నారు. అచ్చాయమ్మ వంగినప్పుడల్లా కౌంటరు అంచు పట్టుకుంటోంది. లేచేటప్పుడు ఆవిడ ముక్కులోంచి సన్నగా ఒక మూలుగు వస్తోంది. అది తనకి తప్ప ఎవరికీ వినపడకూడదని మీనాకుమారి గట్టిగా దగ్గుతోంది.

మధ్యాహ్నం మూడో అంతస్తులో టిఫిన్ క్యారియరుకి ఎవరూ ఫోను ఆనించలేదు. తేజస్వి సంచిలోంచి తియ్యబోయి మిగతావాళ్ళ మొహాలు చూసి మానేసింది.

"నీ జపాన్ నువ్వే చూసుకో తల్లీ," అంది ఒకావిడ, గోడకి కాళ్ళు ఆనించి పైకెత్తి పడుకుంటూ.

అచ్చాయమ్మ మాత్రం ఏమీ అనలేదు. అంటేనే బాగుండేదని మీనాకుమారికి అనిపించింది. సరదాగా చెప్పిన మాట ఇంతమంది కాళ్ళ మీద పడుతుందని ఎవరనుకుంటారు? పైగా సగమే చెప్పింది. మొత్తం చెప్పుంటే ఇలా అయ్యేది కాదు. ఆ సగం ఎలాగైనా ఆయన చెవిన వెయ్యాలి. స్టూలు మాట చెప్పాలి.

బుధవారం సాయంత్రం గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారూ, ఆ జపాన్ దుకాణంలో ఇంకో సగం ఉందండి. నేను చెప్పలేకపోయేను. సాయంత్రం తలుపులేసేక ఆ ఓనరు..."

"చూసేనన్నాను కదమ్మా," అన్నారాయన బిల్లులు గుచ్చుకుంటూ. "మా ఇంట్లోవాళ్ళూ నేనూ కూర్చుని మొత్తం చూసేం. చివర్లో అది చూసి మా ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు పెట్టేసుకుంది. అలాంటివాళ్ళు ఉండబట్టే ఆ దేశం అలాగుంది."

ఇంక మాట్లాడ్డానికేం లేదన్నట్టు ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. మీనాకుమారికి అర్థం కాలేదు. చూశారు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. చూసినవాళ్ళకి స్టూలు గుర్తుకు రాకపోవడం ఏమిటి? ఒకటా రెండా, షాపులో కస్టమర్ల కోసం గుండ్రటి మెత్తని స్టూళ్ళు డజను ఉన్నాయి. వాటి మీద పనివాళ్ళ చీర కొంగు కూడా ఆనకూడదు.

ఆ రాత్రి షాపు మూశాక ధవళేశ్వరం వెళ్ళే షేర్ ఆటోలో తేజస్వి పక్కనే కూర్చుంది. వెనక పట్టా కప్పినా జల్లు కొడుతూనే ఉంది. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయనీ, బ్యారేజీ దగ్గర గేట్లన్నీ ఎత్తేశారనీ డ్రైవరు ఎవరితోనో ఫోన్లో చెబుతున్నాడు.

"ఏదీ, ఆ దుకాణం ముక్క ఒకసారి పెట్టు. సౌండుతో," అంది మీనాకుమారి.

తేజస్వి ఒక ఇయర్‌ఫోను ఆవిడ చెవిలో పెట్టింది. ఇన్ని వారాలూ తను గొంతు అరువిచ్చిన ఉదయభాస్కర్ అసలు గొంతు వినేసరికి మీనాకుమారికి కొత్తమనిషి అనిపించాడు. బొంగురుగా, అలిసిపోయినట్టు ఉంది. వరసగా నిలబడ్డం అయింది, మడతపెట్టడం అయింది, స్టూలు వచ్చింది. "ఎనభై రెండేళ్ళ ఈవిడ ఈ దుకాణం యజమాని తల్లి," అంటున్నాడు ఉదయభాస్కర్. "ఇప్పటికీ రోజూ వచ్చి కూర్చుని సరదాగా నాలుగు బట్టలు మడతపెడతారు. ప్రతి సాయంత్రం కొడుకు తల్లికి ఇలా పాదాభివందనం చేస్తాడు. తల్లిని మించిన దైవం ఏ దేశంలోనైనా ఉంటుందా చెప్పండి?"

మీనాకుమారి ఇయర్‌ఫోను తీసి తేజస్వి చేతిలో పెట్టేసింది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. ఆటో చప్పుడులో సరిగ్గా వినపడలేదు."

ఎవరి తల్లికి వాళ్ళు స్టూలు వేసుకోవడంలో వింతేముంది? శివరామకృష్ణగారు కూడా వాళ్ళమ్మగారిని పూవుల్లో పెట్టి చూసుకుంటారు. ఆ రోజంతా తనని నిలబెట్టిన ఒక్క ఆశ కాస్తా ఆటోలోంచి కిందికి జారిపోయింది. నీలం ఏప్రాను చూసి పనిమనిషి అనుకుంది. మడత చూసి అచ్చాయమ్మ అనుకుంది. మాటలు తనే వేసి, తను వేసిన మాటల్ని తనే నమ్మింది.

*

గురువారం మెట్ల మీద అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో ఎక్కుతోంది.

"ఓనరుగారు మొత్తం చూసేరటగా మీనా?"

"చూసేరు పిన్నీ."

"అయితే వేస్తారే. ఇవాళ కాకపోతే రేపు. ఆ ముసలావిడకి వేసేరు కదా! వంగడమొక్కటీ తీసుకుని స్టూలు ఒదిలేస్తారేంటి? నాకు రోజంతా అక్కర్లేదే. సాయంత్రం ఓ అరగంట కూకోనిస్తే చాలు, మెట్టెలు మళ్ళీ ఎక్కుతాయి. ఆ ముసలాడి నోరు మూతబడద్ది."

చెప్పేద్దామని మీనాకుమారి నోరు తెరిచింది. అది వాళ్ళమ్మే పిన్నీ అని ఒక్క ముక్క అనేస్తే అయిపోతుంది. అచ్చాయమ్మ ఆ ఒక్క ఆశనే రెయిలింగులా పట్టుకుని మెట్లెక్కుతోంది. అది పీకెయ్యడానికి మీనాకుమారికి చెయ్యి రాలేదు.

పన్నెండు గంటలకి కొవ్వూరు నుంచి పెళ్ళివారు దిగారు. పదిమంది ఒకేసారి. తలుపు తెరుచుకుంది, ఆరుగురూ వంగారు, ఐదుగురు లేచారు. అచ్చాయమ్మ లేవలేదు. వంగిన మనిషి వంగినట్టే ముందుకి పడిపోయింది. కౌంటరు మీదున్న ఉప్పాడ చీరలు నాలుగు ఆవిడతోపాటే కిందికి జారాయి. పెళ్ళివారిలో ఒక చిన్నపిల్ల అది కూడా దణ్ణమే అనుకుని కిసుక్కున నవ్వింది. అందరూ లేవదీస్తుంటే చీర పక్కకి తొలిగి పాదాలు బయటపడ్డాయి. "అయ్యో, కాళ్ళకి మెట్టెల్లేవు. ఇలాంటావిడ ఎదురా మనకి!" అని పెళ్ళికొడుకు తల్లి గొణిగింది. గొణిగినా అందరికీ వినపడింది.

శివరామకృష్ణగారు తన చేత్తో మంచినీళ్ళు పట్టించారు. ఆటో పిలిపించి ఇంటికి పంపారు. ఆయనని ఎవరూ తప్పుపట్టలేరు. శుక్రవారం అచ్చాయమ్మ వస్తే గల్లాపెట్టె దగ్గరికి పిలిచి, ఇంకా మెత్తగా మాట్లాడారు.

"రేపు శనివారంతో చాలించు అచ్చాయమ్మా. నీకూ వయసైంది. రాబోయేది శ్రావణం, రద్దీలో నీకేదన్నా అయితే ఆ పాపం నాకు. ఇంట్లో సత్తియ్యని చూసుకో." అన్నవరం ప్రసాదం పొట్లం ఒకటి చేతిలో పెట్టారు.

అచ్చాయమ్మ పొట్లం కళ్ళకద్దుకుంది. కౌంటరు దగ్గరికొచ్చి నిన్న కిందపడి నలిగిన ఉప్పాడ చీరలు ఒక్కొక్కటే మళ్ళీ మడిచింది. నాలుగూ అయ్యాక మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. పక్కనే నిలబడ్డ మీనాకుమారి ఆ చేతులనే చూసింది. ఇరవయ్యారేళ్ళ మనిషిని వీధిలో పడేసింది ఓనరూ కాదు, జపానూ కాదు, తన నోరే.

అదే రోజు సాయంత్రం ఆయన మీనాకుమారినీ పిలిచారు.

"రేపు విజయ్ పాల్ వస్తున్నాడు, వీడియో తియ్యడానికి. షాపుల వీడియోలు తీసి పెడతాడే, ఆ కుర్రాడు. మన పద్ధతి గురించి నువ్వే చెప్పాలమ్మా. నీకు మాట బాగుంది."

"అలాగేనండి," అంది మీనాకుమారి.

*

శనివారం పదింటికి విజయ్ పాల్ వచ్చాడు. కర్రకి ఫోను బిగించుకుని, చొక్కాకి చిన్న మైకు తగిలించుకుని షాపంతా కలయదిరిగాడు. ఆడవాళ్ళ చేత నాలుగుసార్లు తలుపు దగ్గర వంగించాడు. వెలుతురు చాల్లేదని ఇంకో రెండుసార్లు వంగించాడు. అచ్చాయమ్మని వెనక వరసలో పెట్టారు. తర్వాత మైకు తీసి మీనాకుమారి కొంగుకి గుచ్చాడు. పక్కన శివరామకృష్ణగారు పట్టు కండువా వేసుకుని నిలబడ్డారు.

"చెప్పండి మేడమ్, ఈ జపాన్ ఐడియా ఎలా వచ్చింది మీకు?"

మీనాకుమారి మొదటి సగం చెప్పింది. మాట తడబడలేదు. ఇన్నాళ్ళూ బేళ్ళ మధ్య మూగబొమ్మకి మాటలు వేసిన గొంతే అది. వంగడం చెప్పింది, కస్టమరు దేవుడన్నది చెప్పింది. శివరామకృష్ణగారు తలూపుతున్నారు.

"ఇంకో సగం ఉందండి," అంది.

విజయ్ పాల్ ఫోను దగ్గరికి తెచ్చాడు.

"ఆ దుకాణంలో ఒక ముసలావిడ పనిచేస్తదండి. ఎన్నో ఏళ్ళ నుంచి అక్కడ బట్టలు మడతపెట్టే పనిమనిషి. సాయంత్రం తలుపులేసేక, ఆ ఓనరుగారే స్వయంగా స్టూలు తెచ్చి ఆవిడకి వేస్తారు. వేసి, పొద్దున్నుంచీ నువ్వు నిలబడ్డావమ్మా, ఇప్పుడు నువ్వు కూర్చో, మేం నిలబడతాం అని చెప్పి, ఆవిడకి దణ్ణం పెడతారండి. రోజూ. మా బాబుగారింట్లో అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా షాపులోనూ అలాంటావిడ ఉన్నారండి. అచ్చాయమ్మగారని. ఇరవయ్యారేళ్ళ నుంచి."

శివరామకృష్ణగారి తల ఊగడం ఆగిపోయింది. ఆయన మీనాకుమారి వంక చూశారు. మీనాకుమారి ఫోను వంకే చూస్తోంది.

"సార్!" అన్నాడు విజయ్ పాల్. "అది తీద్దాం సార్! ఏ షాపులోనూ లేదు సార్ ఇది. ఆవిడేరి సార్?"

కస్టమర్లు గుమిగూడారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తారు. అది వాళ్ళమ్మ, పనిమనిషి కాదు అని ఆ జనం మధ్య, ఆ ఫోన్ల ముందు చెప్పడం ఏ మర్యాదస్తుడికీ కుదిరే పని కాదు. శివరామకృష్ణగారు కండువా సర్దుకున్నారు. వెళ్ళి, మెత్తని గుండ్రటి స్టూలు ఒకటి తన రెండు చేతులతో తెచ్చి, షాపు మధ్యలో వేశారు.

"రండి అచ్చాయమ్మగారూ," అన్నారు. "కూర్చోండి."

ఇరవయ్యారేళ్ళలో ఆయన ఆవిడని 'మీరు' అనడం అదే మొదటిసారి. అచ్చాయమ్మ మీనాకుమారి వంక చూసింది, స్టూలు వంక చూసింది. కొంగుతో స్టూలు ఒకసారి తుడిచి, అంచు మీద కూర్చుంది. శివరామకృష్ణగారు వంగి దణ్ణం పెట్టారు. వెనకాల ఐదుగురు ఆడవాళ్ళూ వంగారు. అచ్చాయమ్మ కళ్ళలోంచి నీళ్ళు దవడల మీదుగా జారి జాకెట్టు తడిపేశాయి. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"సూపర్ సార్," అన్నాడు విజయ్ పాల్. "ఇంకోసారి సార్. ఈసారి అవ్వ మొహం దగ్గరనుంచి తీస్తాను."

ఇంకోసారి జరిగింది. అచ్చాయమ్మ ఇంకోసారి కూడా నిజంగానే ఏడ్చింది.

విజయ్ పాల్ వెళ్ళాక, జనం పల్చబడ్డాక, శివరామకృష్ణగారు మీనాకుమారిని గల్లాపెట్టె దగ్గరికి పిలిచారు. గొంతు పెంచలేదు. బిల్లుల పుస్తకం మీద వేలు నెమ్మదిగా ఆడిస్తూ అడిగారు.

"ఆవిడ వాళ్ళమ్మ కదమ్మా?"

"అవునండి."

"నీకు తెలీక చెప్పేవేమో అనుకున్నాను."

"తెలిసే చెప్పేనండి. బుధవారమే తెలిసింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అంతమంది ముందు అబద్ధం ఆడేవు. ఇది వ్యాపారమమ్మా. నమ్మకం మీద నడిచే షాపు ఇది."

మీనాకుమారికి భయం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఆవిడకే ఆశ్చర్యమేసింది.

"ఆరేళ్ళ నించీ మీరు చెప్పమన్నారని రోజూ ఆ కౌంటరు దగ్గర రంగు పోదు రంగు పోదు అని చెప్తూనే ఉన్నానండి బాబుగారూ," అంది. "ఇదొక్కటీ నా సొంతానికి చెప్పేను."

శివరామకృష్ణగారు బిల్లుల పుస్తకం మూసేశారు. తర్వాత, "సోమవారం నుంచి రాకమ్మా," అన్నారు. ప్రసాదం పొట్లం ఇవ్వలేదు.

*

శ్రావణం రెండో శుక్రవారం మీనాకుమారి మళ్ళీ ఆ షాపు ముందుకి వచ్చింది. ఇప్పుడు నాలుగు షాపుల అవతల గాజులూ పిన్నీసులూ అమ్మే ఫ్యాన్సీ స్టోర్లో నిలబడుతోంది. అక్కడ మడతలు లేవు, పరుపు లేదు, మధ్యాహ్నం కూర్చోడానికి బేళ్ళు కూడా లేవు. వెనకున్న ఇరుకు సందులో నిలబడే అన్నం తినాలి. కుడికాలి పిక్క మీద నీలం నరం ఒకటి కొత్తగా పైకి తేలింది. అమ్మిరాజు రోజూ కొబ్బరినూనె రాస్తున్నాడు. పని పోయిన మర్నాడే ఆవిడకి నర్సరీలో పని అడుగుతానన్నాడు కానీ ఇంకా అడగలేదు.

వీడియో ఊరంతా చూసిందని తేజస్వి ఫోన్లో చెప్పింది. ఆదివారం పెట్టారు, సోమవారం పొద్దున్నకల్లా అమలాపురం నుంచి, తణుకు నుంచి జనం వచ్చి, "స్టూలవ్వ ఏరండీ?" అని అడగడం మొదలెట్టారట. పదకొండింటికి ఓనరుగారు సత్తియ్య ఇంటికి ఆటో పంపించారట. ఇప్పుడు అచ్చాయమ్మ షాపు తలుపు పక్కనే కూర్చుంటుందట, తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా. మిగతావాళ్ళు మాత్రం వంగుతూనే ఉన్నారట.

మీనాకుమారి గాజు అద్దం ముందు ఆగింది. అద్దానికి అవతల, రెండు బారల దూరంలో, అచ్చాయమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. షాపువాళ్ళు ఇచ్చిన కొత్త పట్టుచీర కట్టుకుంది. తలలో కనకాంబరాలు. వెనకాల గోడకి ఆవిడదే ఇంత పెద్ద ఫ్లెక్సీ వేలాడుతోంది. వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఆవిడ ఒక్కొక్కరికీ చేతులు జోడిస్తోంది. ఎవరూ లేనప్పుడు, చేతులకి మడవడానికి ఏమీ లేక, తన కొంగునే ఒళ్ళో పరిచి, చూపుడువేలు దూర్చి, అరచేతి అంచుతో నిమిరి మడుస్తోంది. విప్పి మళ్ళీ మడుస్తోంది.

తలెత్తి, అద్దానికి ఇవతల మీనాకుమారిని చూసింది. పెదాలు కదిలాయి. ఏదో అంటోంది. గట్టిగానే అంటున్నట్టుంది. మందపాటి అద్దం, లోపల ఏసీ, బయట వాన చప్పుడు. ఒక్క ముక్క కూడా ఇవతలికి రాలేదు.

ఇంతకుముందైతే మీనాకుమారి దగ్గర మాట సిద్ధంగా ఉండేది. నోటిదాకా వచ్చింది కూడా. ఈసారి వెయ్యలేదు. వేస్తే ఏదో ఒకటి బాగానే అతుకుతుంది, కానీ అది అచ్చాయమ్మ మాట కాదు. ఆవిడ మొహం వదిలేసి కిందికి చూసింది. కొత్త చీర కుచ్చిళ్ళ కింద, స్టూలు ముందు చాపుకున్న రెండు పాదాలూ కనపడ్డాయి. చీలమండల దగ్గర వాపు తీసింది, ఎముక తెలుస్తోంది. రెండు కాళ్ళ వేళ్ళకీ మెట్టెలున్నాయి.

ఫ్యాన్సీ స్టోరు ఓనరు పేరు పెట్టి కేకేసేదాకా మీనాకుమారి ఆ వానలో అలాగే నిలబడింది.